అంచు ఎరుపు

గద్వాల
2024 జూన్ 18

వసంతా,

నేను జోగులమ్మను. పదో తరగతిలో మూడో బెంచీ, కిటికీ పక్కన కూర్చునే జోగులమ్మను. మార్చిలో మన క్లాసు ధనలక్ష్మి కూతురి పెళ్లిలో కనబడ్డాం గాని, నాలుగు మాటలు మాట్లాడుకునే తీరిక దొరకలేదు. నువ్వు నాగర్‌కర్నూల్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నావని ఆమే చెప్పి, అడ్రసూ ఫోన్ నంబరూ రెండూ ఇచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. ఈ కాగితం కింద రెండు దారాలు గుచ్చాను, చూడు. ఫోటో తీసి పంపితే ఫోను తనకు తోచిన ఎరుపు చూపిస్తుంది. దారం అబద్ధం చెప్పదు.

నేను నోటితో మాట్లాడే తీరు వేరు, కలం పడితే బడి భాషే వస్తుంది. తప్పులుంటే దిద్దుకో.

పదో తరగతి కాగానే నేను మా నాన్న రంగుల షెడ్డులో దిగాను. నాన్న పేరు సత్తయ్య, నీకు గుర్తుండాలి, ఎప్పుడూ మోచేతుల దాకా రంగుతో ఉండేవాడు. ఆయన పోయాక షెడ్డు నా చేతికొచ్చింది. నాతో కలిపి ఆరుగురు ఆడవాళ్లం. గద్వాల చీరకు మధ్యన నూలు, అంచుకూ కొంగుకూ పట్టు కదా. మా నేత సంఘంలో అరవై మగ్గాలకు ఆ పట్టుకు రంగు వేసేది మేమే.

రెండేళ్లుగా ఆ రంగు నిలవడం లేదు. మొదటి ఉతుకులోనే అంచు ఎరుపు దిగి తెల్ల నూలులోకి పాకుతోంది. అదే రంగు పొడి, అదే యాసిడ్, నాన్న పెట్టిన అదే కొలత. ఏం మారిందో నాకు తెలియదు. ఈ ఎండాకాలం పదకొండు చీరలు వెనక్కి వచ్చాయి. అందులో ఒకటి బాలస్వామన్నది. ఆయన మగ్గం మీద ఇరవై రెండు రోజులు నేసిన చీర. మల్లెపువ్వులాంటి నూలు మీద ఎర్రటి మరకలు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చీర మడతపెట్టి మా గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

సంఘం సెక్రటరీ ప్రేమ్ కుమార్ మంచి పిల్లాడే. వాడే వచ్చి అన్నాడు, "ఏందక్కా, గిట్లయితే ఎట్ల? చీరలు ఎనక్కొస్తుంటే నేనేం జెప్పాలె? దసరా దాక జూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటె బయటి మిల్లుల రంగేసిన పట్టు తెప్పిస్త."

అంటే షెడ్డు మూతే.

గుచ్చిన దారాల్లో పైది ఉతకక ముందుది, కిందది ఉతికాక. నీకేమైనా తోస్తే చెప్పు.

నీ
జోగులమ్మ


నాగర్‌కర్నూల్
జూన్ 26

జోగులమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. దారాలు చూశాను.

రంగు అణువులు దారం ఉపరితలం మీద మాత్రమే ఉండిపోతే ఉతుకులో పోతాయి. అవి పోగు లోపలికి చేరాలి. దీన్ని విసరణ అంటారు. ఉష్ణోగ్రత, సమయం పెరిగితే విసరణ కూడా పెరుగుతుంది. మీరు ముప్పావు గంట కాస్తున్నట్టయితే, దాన్ని గంటన్నర చేసి బాగా మరగనివ్వండి. రంగు లోపలికి దిగుతుంది. ఇది భౌతిక రసాయన శాస్త్రంలో ప్రాథమిక సూత్రం.

అడ్మిషన్ల పనిలో ఉన్నాను. ఇంతకంటే వివరంగా రాయలేకపోతున్నందుకు క్షమించగలరు.

ఇట్లు
ఎం. వసంత
రసాయన శాస్త్ర అధ్యాపకురాలు


గద్వాల
జూలై 9

వసంత మేడం గారికి,

నమస్కారం. మీరు చెప్పినట్టే గంటన్నర మరగబెట్టాము. బాగానే ఉంది. మీ విలువైన సమయం తీసుకున్నందుకు మన్నించగలరు. ఇక్కడ వానలు మొదలయ్యాయి. అందరం క్షేమం.

ఇట్లు
జోగులమ్మ


నాగర్‌కర్నూల్
జూలై 15

జోగీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో దారం లేదు.

బాగానే ఉంటే నువ్వు దారం గుచ్చకుండా ఉండవు. ఎర్రగా మెరిసే పోగు ఒకటి గుచ్చి "చూడు" అని రాసేదానివి. మేడం గారూ, మన్నించగలరూ అనే మాటలు నీవి కావు. అవి నా దగ్గర నేర్చుకున్నావు. ముందు ఉత్తరానికి నేను రాసిన జవాబు కాపీ నా దగ్గర లేదు గాని, ఎలా రాశానో గుర్తుంది. సిగ్గుగా ఉంది.

నిజంగా ఏం జరిగిందో రాయి. ఎంత చెడ్డగా ఉన్నా సరే. పాడైన దారం ఉంటే అదే గుచ్చి పంపు.

వసంత


గద్వాల
జూలై 20

వసంతా,

ఇదిగో దారం. చూశావా, మెరుపు చచ్చిపోయింది. ముట్టుకుంటే గోనెపట్టాలా ఉంది.

నువ్వు చెప్పినట్టే గంటన్నర మరిగించాను. ఎనిమిది చిలపలు, అంటే నాలుగు చీరల అంచుకు సరిపోయే పట్టు చుట్టలు. రంగు లోపలికి దిగలేదు సరికదా, ఎక్కిన రంగు కూడా కాగులోకి తిరిగి వచ్చింది. మరిగేకొద్దీ నీళ్లు ఎర్రబడుతూ పోయాయి, దారం పాలిపోతూ పోయింది. నా కోడలు మమత కర్రతో చిలపలు తిప్పుతూ అంది, "అత్తా, రంగు ఎక్కుతలేదు, దిగుతుంది." దానికి నేనన్నాను, "చదువుకున్నామె చెప్పింది, జర ఆగు." ఆగాం. ఎనిమిదీ పోయాయి.

నీకు చెప్పకపోవడానికి కారణం కోపం కాదు. నువ్వు జోగులమ్మ గారూ అని రాసేసరికి, చదువు మానేసి నేను ఇటు, చదువుకుని నువ్వు అటు, మధ్యలో ముప్పై మూడేళ్లు ఒక్కసారే కనబడ్డాయి. నీ మాట తప్పయిందని చెప్పే హక్కు నాకు లేదనిపించింది. దారం చూడగలను గాని, నీ పుస్తకంలో ఏముందో నాకేం తెలుసు?

ప్రేమ్ కుమార్ ఎనిమిది చిలపల సంగతి విన్నాడు. మిల్లు వాళ్ల నమూనా పట్టు ఒక చిలప తెచ్చి సంఘం బీరువాలో పెట్టాడని బక్కయ్య చెప్పాడు. ఆయన సంఘంలో లెక్కలు రాస్తాడు, చూడనిది చెప్పడు.

షెడ్డులో ఆరుగురం రోజూ వస్తున్నాం. పొయ్యి వెలిగించడం లేదు. కూర్చుని పోగులు విడదీస్తున్నాం. భీమయ్య పెండ్లాం అనంతమ్మ నిన్న "నేను రేపటి సంది పత్తి చేన్లకు పోత" అంది. పదిహేడేళ్లు నా పక్కన నిలబడింది. ఆమె చేతికి తెలిసిన ఎరుపు ఈ గద్వాలలో ఇంకో చేతికి తెలియదు.

అంతే. ఇప్పుడు నిజం రాశాను.

జోగులమ్మ


నాగర్‌కర్నూల్
ఆగస్టు 4

జోగీ,

ముందు నా నిజం చెబుతాను. మా కాలేజీ ప్రయోగశాలకు తొమ్మిదేళ్లుగా తాళం ఉంది. పరీక్షల ముందు రెండు రోజులు తెరిచి, పిల్లల చేత రికార్డులు నింపించి మళ్లీ వేస్తాం. నేను అందులో నా చేత్తో బీకరు పట్టుకుని ఎన్నాళ్లయిందో చెప్పలేను. నీకు రాసిన జవాబు పుస్తకంలో నలభయ్యో పేజీ. అది తప్పు కాదు. కానీ నీ నీళ్లు చూడకుండా, నీ కాగు చూడకుండా చెప్పడం తప్పు. నీ ఎనిమిది చిలపలు పాడుచేసింది నేను.

నీ ఉత్తరం వచ్చిన రోజే అటెండరు ఉమేష్‌ను తాళాలు అడిగాను. "ఎందుకు మేడం, పరీక్షలు లేవు కదా?" అన్నాడు. పని ఉందన్నాను. తలుపు తీస్తే బల్లుల గుడ్లు, బూజు. ఇద్దరం రెండు రోజులు కడిగాం.

ఆ తర్వాత నీకు ఫోన్ చేసి ఒక్క మాటే అడిగాను గుర్తుందా, రెండేళ్ల కింద ఏం మారిందని. నువ్వు ఏమీ మారలేదన్నావు. నీళ్లెక్కడివి అంటే, బావి పూడింది కదా, అప్పటి నుంచి కొత్త బోరు అన్నావు. అది మార్పు అని నీకు తోచలేదు. నీళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోలేదు. అందుకే బస్సు పార్సిల్లో నీ బోరు నీళ్లు, పట్టు, రంగు పొడి తెప్పించుకున్నాను.

జోగీ, దొంగ దొరికాడు.

పట్టు పుల్లటి నీళ్లలో ఉన్నప్పుడు దాని పోగుల మీద ధనావేశం వస్తుంది. నీ ఎరుపు రంగుది ఋణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. యాసిడ్ పోసేది అందుకే, పట్టు చేయి చాచి రంగును పట్టుకోవడానికి. పులుపు చాలకపోతే పట్టు చేయి ముడుచుకుంటుంది. రంగు పైపైన కూర్చుని, మొదటి ఉతుకులో లేచిపోతుంది.

మా కుళాయి నీళ్లను తగినంత పుల్లగా చేయడానికి మూడు మిల్లీలీటర్ల యాసిడ్ చాలింది. నీ బోరు నీళ్లకు అదే యాసిడ్ పదిహేను పట్టింది. అయిదు రెట్లు! నమ్మలేక మూడుసార్లు చేశాను. ఆ నీళ్లలో సున్నపురాయి గుణం ఉంది. నువ్వు పోసిన యాసిడ్‌ను నీళ్లే తినేస్తున్నాయి, పట్టుకు మిగలడం లేదు. సత్తయ్య మామ కొలత ఆ పాత బావికి సరైన కొలత. ఈ బోరుకు కాదు. ఇక నేను మరిగించమన్నప్పుడు ఏమైందంటే, మరిగేకొద్దీ నీళ్లలో కరిగిన గాలి బయటికి పోయి అవి ఇంకా చాకలి సోడా నీళ్లలా మారాయి. ఉన్న కొద్ది పులుపూ పోయింది. మమత సరిగ్గానే చూసింది.

నీ పట్టు, నీ రంగుతో రెండు బీకర్లలో వేశాను. రెండూ నీ బోరు నీళ్లే. ఒకదానిలో నీ కొలత యాసిడ్, ఇంకోదానిలో చాలినంత. రెండిటినీ సబ్బునీళ్లలో ఉతికాను. దారాలు గుచ్చాను చూడు. ఏది ఏదో రాయను. నీకు చెప్పాలా?

దీంతో పాటు చిన్న పుస్తకంలా కట్టిన పసుపుపచ్చ కాగితాలు పంపుతున్నాను. నీళ్లలో ముంచితే పులుపును బట్టి రంగు మారుతుంది. పక్కన రంగుల పట్టీ ఉంది. నాలుగుకూ అయిదుకూ మధ్య ఉండాలి. యాసిడ్ ఒక్కసారే గుమ్మరించకు, రంగు పొడలు పొడలుగా ఎక్కుతుంది. మూడు విడతలుగా పొయ్. గట్టిగా మరిగించకు.

ఈసారి నా మాట నమ్మకు. ముందు చిన్న గిన్నెలో వేసి చూడు. నీ కంటిని నమ్ము.

వసంత


గద్వాల
ఆగస్టు 21

వసంతా,

గిన్నెలో వేశాను. నిలిచింది! వేడి సబ్బునీళ్లలో పిసికాను, రాయి మీద బాదాను, మమత తన తెల్ల రవిక గుడ్డతో రుద్దింది. ఒక్క చుక్క దిగలేదు. అనంతమ్మ దారాన్ని కంటి దగ్గర పెట్టుకుని, "మా సత్తయ్య పెద్దనాయిన ఎరుపు" అని ఏడ్చింది. పత్తి చేలకు పోనంది.

ఆ సంబరంలో మర్నాడే పెద్ద కాగు పెట్టాం. పాడయింది.

కంగారు పడకు, ఇంకా ఉంది చెబుతాను. గిన్నెలో నిలిచింది కాగులో ఎందుకు నిలవదు? అదే రంగు, అవే నీళ్లు, పులుపు కాగితంతో చూసే పోశాను. నీకు రాద్దామని కలం తీశాను. మళ్లీ అనుకున్నాను, నా కంటిని నమ్మమన్నావు కదా, చూద్దామని. రెండో కాగు పెట్టి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. పది నిమిషాలకు ఒక కాగితం ముంచాను.

మొదటి చిక్కు, ఎర్రటి నీళ్లలో ముంచితే కాగితం కూడా ఎర్రబడుతుంది. పట్టీతో ఎలా పోల్చేది? కానీ కాగితం కొస మాత్రమే తాకించి పట్టుకుంటే ఒక వింత కనబడింది. నీళ్లు కాగితం మీద పైకి పాకుతాయి, రంగు వెనకాల నెమ్మదిగా వస్తుంది. పైన ఒక సన్నటి గీతంత మేర నీళ్లే ఉంటాయి, రంగు ఉండదు. ఆ గీత దగ్గర చదివితే చాలు.

అట్లా చదువుతూ కూర్చున్నాను. నాలుగున్నర, నాలుగున్నర, నాలుగున్నర. ఉన్నట్టుండి అయిదున్నర దాటింది! ఏమైందా అని తల ఎత్తితే మమత బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే అత్తా. నీళ్లు తగ్గినయి, రెండు బిందెలు పోసిన. రోజూ పోస్తం గద."

అదీ సంగతి! పెద్ద కాగు రెండు గంటలు పొయ్యి మీద ఉంటే నీళ్లు ఆవిరవుతాయి. తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తాం, మా నాన్న కాలం నుంచీ అలవాటు. అప్పుడు బావి నీళ్లు, ఇప్పుడు బోరువి. పోసిన ప్రతి బిందే యాసిడ్‌ను తినేస్తోంది. గిన్నెలో తక్కువసేపు కాబట్టి నీళ్లు పోయలేదు, నిలిచింది. ఇప్పుడు పోసే బిందెలను ముందే పుల్లగా చేసి పక్కన పెడుతున్నాం. మూడో కాగు దించాం. నాలుగు పోగులు గుచ్చాను, కాగులో నాలుగు మూలల నుంచి తీసినవి. తేడా ఉంటే చెప్పు చూద్దాం.

ఒక్క మాట. నీ రంగుల పట్టీ తప్పు. నాలుగుకూ అయిదుకూ మధ్య ఒకటే గడి ఇచ్చారు. నాకు అక్కడ ఇంకో మూడు రంగులు కనబడుతున్నాయి. ఈసారి మూడు చిన్న సీసాల్లో వేర్వేరు కాగుల నీళ్లు పంపుతున్నాను. నేను చదివింది ఇది: ఒకటోది నాలుగున్నరకు చిటికెడు తక్కువ. రెండోది అయిదు దాటి కొంచెం. మూడోది నాలుగున్నర దాటి ముప్పావుకు దగ్గర. నీ మిషన్ ఏమంటుందో చూడు.

జోగులమ్మ


వనపర్తి
సెప్టెంబరు 5

జోగీ,

అడ్రసు మారింది. నన్ను వనపర్తికి బదిలీ చేశారు. సామాను ఇంకా మూటల్లోనే ఉంది, నీ సీసాలు మాత్రం చేతిసంచిలో పెట్టుకుని వచ్చాను. ఇక్కడి ప్రయోగశాలలో పులుపు కొలిచే మీటరు పనిచేస్తోంది. చేరిన మొదటి రోజే వాటిని కొలిచాను.

ఒకటి: నాలుగు పాయింట్ నాలుగు.
రెండు: అయిదు పాయింట్ ఒకటి.
మూడు: నాలుగు పాయింట్ ఏడు.

ఆ కాగితం తయారుచేసిన వాళ్లు కూడా దాంతో ఇంత సన్నగా చదవలేరు. నువ్వు కంటితో చదివావు. ముప్పై మూడేళ్లు ఎరుపులో ఎరుపును వేరుచేసిన కన్ను అది.

ఇక ఆ కాగితం మీద పాకే నీళ్ల సంగతి. దాన్ని క్రొమటోగ్రఫీ అంటారు. ఏటా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. రంగు కాగులో పులుపు చదవడానికి పనికొస్తుందని నాకు ఏనాడూ తట్టలేదు. కొత్త పిల్లలకు నిన్న నీ పద్ధతి చేసి చూపించాను. నీ పేరు చెప్పే చూపించాను. శ్రుతి అనే అమ్మాయి లేచి, "మేడం, ఆమె ఏ కాలేజీల చెప్తది?" అని అడిగింది.

నాలుగు పోగుల్లో తేడా కోసం భూతద్దంతో వెతికాను. లేదు.

ఒక చిన్న తోడు పంపుతున్నాను, డబ్బాలో తెల్ల ఉప్పులాంటిది. సోడియం ఎసిటేట్. యాసిడ్‌తో పాటు ఇది కొంచెం కలిపితే పులుపు ఒకచోట నిలబడుతుంది. పొరపాటున ఎవరైనా చెంబెడు బోరు నీళ్లు పోసినా వెంటనే కదలదు. మమతకు చెప్పు, ఇది ఆమె కోసమే.

వసంత


గద్వాల
సెప్టెంబరు 22

వసంతా,

ముహూర్తం పెట్టారు. అక్టోబరు అయిదు, శనివారం, సంఘం హాలులో. నేను ప్రేమ్ కుమార్ దగ్గరికి వెళ్లి నా దారాలు బల్ల మీద పెట్టాను. వాడు చూసి, "అక్కా, మంచిగనే ఉన్నయి. గని నేనొక్కన్ని ఒప్పుకుంటే గాదు. మిల్లు పట్టు గూడ నేయిస్త. రెండు గుడ్డలు అందరి ముంగట ఉతుకుదం. ఏది ఎవరిదో ఎవ్వరికి తెల్వకుండ," అన్నాడు. న్యాయంగానే ఉంది. సరేనన్నాను.

మరి నా పట్టు ఎవరు నేస్తారు? ఈ రెండేళ్లలో దెబ్బతిన్న వాళ్లే అందరూ. ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. మొన్న సాయంత్రం షెడ్డు కడుగుతుంటే బాలస్వామన్న వచ్చి గడప బయట నిలబడ్డాడు. చీర పెట్టి వెళ్లిన రోజు తర్వాత ఆయన ఇటు రావడం ఇదే. "పట్టు తే, జోగులమ్మా," అన్నాడు. నాకు అర్థం కాలేదు. "నా మగ్గం మీద నేస్త. ఇగ పోయేదేముంది?" అన్నాడు. నవ్వలేదు, కోపమూ లేదు. రెండు చేతులతో చిలప ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, తువ్వాలులో చుట్టుకుని వెళ్లాడు.

వసంతా, భయంగా ఉంది. నేను కడిగితే నిలుస్తోంది. నలుగురి ముందు నిలుస్తుందా?

నువ్వు రాగలవా?

జోగులమ్మ


వనపర్తి
సెప్టెంబరు 28

జోగీ,

రాలేను. సరిగ్గా ఆ రోజే మా కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. సెలవు అడిగాను, ఇవ్వలేదు. నీకు ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది.

కానీ ఒకటి చెబుతాను. నువ్వు పంపిన ప్రతి దారాన్నీ నేను ఇక్కడ ఉతుకుతున్నాను. ఆ నీళ్లలో రంగు ఎంత దిగిందో కొలిచే మిషన్ ఉంది, కలరీమీటరు. ఆ మూడో కాగు నుంచి నువ్వు వేసిన పదిహేను దారాల్లో పదిహేనూ నిలిచాయి. ఇది అదృష్టం కాదు. నీళ్లు నీకు అర్థమయ్యాయి. అర్థమైన పని నలుగురి ముందైనా, నాలుగు గోడల మధ్యైనా ఒకేలా అవుతుంది.

నేను పక్కన ఉండాల్సిన అవసరం నీకు లేదు. నాకే ఉండాలని ఉంది.

వసంత


గద్వాల
అక్టోబరు 6

వసంతా,

మొత్తం రాస్తాను. ఒక్క ముక్క వదలను.

నిన్న పొద్దున్నే ఆరుగురం బయల్దేరాం. బతుకమ్మ రోజులు కదా, అందరం కొత్త చీరలు కట్టుకున్నాం. అనంతమ్మ తలలో ఇంత తంగేడు పెట్టింది. హాలు నిండిపోయింది. నేత వాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. ముందు బల్ల మీద రెండు గాజు తొట్లు, రెండు వేడినీళ్ల గిన్నెలు, సబ్బు. బల్ల వెనక ప్రేమ్ కుమార్, బక్కయ్య.

రెండు ముక్కలు తెచ్చారు. రెండిటికీ ఎర్ర పట్టు అంచు, తెల్ల నూలు నడుమ. ఒకటి నాది, ఒకటి మిల్లుది. ఒకదానికి నల్ల దారం ముడి, ఇంకోదానికి ఆకుపచ్చ ముడి. ఏ ముడి ఎవరిదో బక్కయ్య చీటీ రాసి కవరులో పెట్టి, అందరి ముందు అంటించాడు. వసంతా, నా పట్టు నాకు తెలియదా? చూడగానే తెలిసింది. పెదవి కదపలేదు.

అంచుకు తెల్ల గుడ్డ పీలిక కుట్టి, ఒక్కో ముక్కను ఒక్కో తొట్టిలో ముంచారు. అరగంట. అందరి కళ్లూ గోడ గడియారం మీదే. పది నిమిషాలకు ఒక తొట్టిలో నీళ్లు మారాయి. మొదట అనుమానంలా, తర్వాత అందరికీ కనబడేలా. గులాబీ రంగు. వెనక నుంచి ఎవరో "దిగుతుంది, దిగుతుంది" అన్నారు. మమత నా చెయ్యి పట్టుకుంది, ఎముక నొప్పి పుట్టేలా. అది నల్ల ముడి తొట్టి. నాది ఆకుపచ్చ ముడి అని నాకు తెలుసు.

అరగంట కాగానే ప్రేమ్ కుమార్ రెండు ముక్కలూ తీసి పిండాడు. నల్ల ముడి ముక్కకు కుట్టిన తెల్ల పీలిక ఎర్రబారింది. ఆకుపచ్చ ముడి పీలిక ఎట్లా పోయిందో అట్లా వచ్చింది. తొట్టిలో నీళ్లు గ్లాసులోకి తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టాడు. సబ్బు తెలుపు తప్ప ఏమీ లేదు.

ఇక కవరు చింపాలి. బాలస్వామన్న లేచాడు. "చింపకుండ్రి," అన్నాడు. "చీటీ ఎందుకు? గా ఆకుపచ్చ ముడిది నేను నేసిన. నా చేతి నేత నాకు తెల్వదా? గది జోగులమ్మ పట్టు." తర్వాత బక్కయ్య చింపి చదివాడు. నిజమే.

హాలులో ఒక్కసారిగా ఎంత గోల! అనంతమ్మ బల్ల మీద గుద్దింది. ఎవరో చప్పట్లు కొడితే పిల్లలంతా అందుకున్నారు. ప్రేమ్ కుమార్ బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చి, "అక్కా, గా పట్టు తెప్పించుడు బంద్. మాఫ్ చెయ్యి," అన్నాడు. వాడి తప్పేముంది? రెండేళ్లు నాకే తెలియలేదు కదా.

ఇంకొకటి. బయటికి వస్తుంటే బాలస్వామన్న ఆగి, "ఏం మందు కలిపినవ్?" అని అడిగాడు. మందు కాదన్నా, నీళ్లు అన్నాను. ఆయన నమ్మలేదు. షెడ్డుకు తీసుకెళ్లి కాగు పెట్టి, కాగితం ముంచి చూపించాను. కాగితం మీద నీళ్లు పాకడం చూసి, "ఇన్ని దినాలు నీళ్లు మనతోని ఆడుకున్నయి," అన్నాడు. మొదటిసారి నవ్వాడు.

నువ్వు ఉంటే ఆ గ్లాసు నీకే ఇచ్చేదాన్ని వెలుతురుకు పట్టమని.

జోగులమ్మ


వనపర్తి
అక్టోబరు 16

జోగీ,

నీ ఉత్తరాన్ని తరగతిలో చదివాను. ఆకుపచ్చ ముడి దగ్గర ఆపి, నీళ్లు ఎందుకు తెల్లగా ఉన్నాయో మీరే చెప్పండి అన్నాను. పదకొండు చేతులు లేచాయి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక ప్రశ్నకు పదకొండు చేతులు లేవడం నేను చూడలేదు.

నీకు ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. జూన్‌లో నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నా బల్ల మీద స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు ఉంది. సంతకం కూడా పెట్టాను. తేదీ వేయడమే మిగిలింది. ఏళ్ల తరబడి చెప్పిందే చెప్పి, నేను చెప్పే దానితో ఎవరికీ ఏ పనీ పడదని అనుకున్నాను. నీకు ఆ తలబిరుసు జవాబు రాసింది ఆ రోజుల్లోనే. నిన్న ఆ దరఖాస్తు చింపేశాను. నాకు ఇంకా పన్నెండేళ్లు సర్వీసు ఉంది, పన్నెండేళ్లూ చేస్తాను.

నవంబరులో ఒక రోజు మా ప్రయోగశాలకు రావాలి. అతిథిగా కాదు, పాఠం చెప్పడానికి. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. అనంతమ్మనూ మమతనూ కూడా తీసుకురా. కాగు మేం చూస్తాం, పట్టు మీరు తెండి.

వసంత


గద్వాల
నవంబరు 24

వసంతా,

వనపర్తి నుంచి వచ్చి వారమైంది. మమత ఇంకా ఆ సంబరం నుంచి దిగిరాలేదు. ఇంటికి వచ్చిన ప్రతి వాళ్లకూ "మా అత్త కాలేజీల పాఠం జెప్పింది" అంటోంది. శ్రుతి తమ ఇంటి బోరు నీళ్ల గురించి అడిగింది కదా, వాళ్లది బిజినేపల్లి దగ్గర ఊరు, సబ్బు నురగ రాదంది. ఆ అమ్మాయికి సమాధానం నువ్వు చెబుతావనుకున్నాను, నువ్వేమో నా వైపు చూశావు. చెప్పాను. తప్పు చెప్పలేదు కదా?

ఇక్కడి సంగతి. ప్రేమ్ కుమార్ కొత్తగా ఒక పని మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ చీరకు సంఘం పేరు చీటీ మాత్రమే కట్టేవాళ్లు. ఇప్పుడు నేసిన వాళ్ల పేరూ, రంగు వేసిన వాళ్ల పేరూ అచ్చు వేయిస్తున్నాడు. రంగు వేసిన వాళ్ల పేర్లు ఎవరు చదువుతారు అంటే, "సదివేటోళ్లు సదువుతరక్కా, ముందైతే ఉండాలె గద" అన్నాడు. ఆరుగురి పేర్లూ వేయాలన్నాను. సరేనన్నాడు.

నిన్న అచ్చాఫీసు నుంచి నమూనా చీటీ వచ్చింది. బాలస్వామన్న చీరదే మొదటిది. నేత: బాలస్వామి. దాని కింద రంగు అని ఆరు పేర్లు. అనంతమ్మకు చదువు రాదు, తన పేరు ఎక్కడుందో చూపించమని వేలు పట్టించుకుంది. ఆ వేలు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది.

అందరి పేర్లూ సరిగ్గా ఉన్నాయి. నాదే తప్పు పడింది. మకు ఒత్తు మరిచిపోయి జోగులమ అని వేశారు. ప్రేమ్ కుమార్ "ఈసారికి పోనీ అక్కా, రెండోసారి దిద్దుదం" అన్నాడు.

పోనీయలేదు. చీటీలన్నీ వెనక్కి పంపాను. ముప్పై మూడేళ్లకు పేరు వేస్తున్నారు, సరిగ్గా వేయండి అన్నాను.

నీ
జోగులమ్మ